వైశాలి నుంచి వైశాలికి
(ఆనంద్ విహార్ స్టేషన్ - కొన్ని చారిత్రక విశేషాలు, కొన్ని జ్ఞాపకాలు)

దేశ రాజధానిలో ఉద్యోగధర్మం నిర్వర్తించే తెలుగువారికి రైల్వే స్టేషన్ అనగానే న్యూఢిల్లీయో, హజ్రత్ నిజాముద్దీనో స్ఫురించడం సహజం. 1976లో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ ప్రవేశపెట్టబడినది మొదలు, 2014లో అది తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌గా నామాంతరం పొందిన తరువాత కూడా, సెలవులకు ఇంటికి వెళ్లడమన్నా, ఊరగాయ జాడీలతో తిరిగి రావడమన్నా ఆ రెండు ద్వారాలే మనకు జ్ఞప్తికి వస్తాయి. అయితే యమునకు తూర్పున, ఘజియాబాద్ జిల్లాలోని వైశాలిలో కాపురముంటున్న మా వంటి కుటుంబాలకు ప్రతిదినమూ తారసపడే స్టేషన్ వేరొకటి ఉన్నది. అదే ఆనంద్ విహార్.

వైశాలిలో మెట్రో ఎక్కితే తదుపరి స్టేషన్ కౌశాంబి, ఆ తరువాతిది ఆనంద్ విహార్. అక్కడ దూరప్రాంతపు రైళ్లు, రెండు మెట్రో మార్గాలు, అంతర్రాష్ట్ర బస్సులు, ఇప్పుడు నమో భారత్ రైళ్లు కూడా ఒకేచోట కలుస్తున్నాయి. నిత్యం ఆ దారిన కార్యాలయాలకు వెళ్లివస్తూ కూడా ఆ స్థలం కథ ఏమిటని మేము చాలాకాలం విచారించలేదు. విచారించేటట్లు చేసినది మా భవన సముదాయపు కావలివాడు. ఆ సంగతి చివర మనవి చేస్తాము.

పడవల వంతెన నుంచి ఇనుప వంతెన దాకా

ఢిల్లీ నగరం యమునకు పడమటి గట్టున వెలసినది. తూర్పు నుంచి వచ్చేవారు నదిని దాటి నగరంలో ప్రవేశించవలసినదే. పూర్వం ఎర్రకోట సమీపాన నదిపై పడవలను వరుసగా కట్టి నిర్మించిన వంతెన ఒకటి ఉండేది. 1857 మే 11వ తేదీ ఉదయం మీరట్ నుంచి రాత్రంతా ప్రయాణించి వచ్చిన సిపాయీలు ఆ పడవల వంతెన మీదుగానే ఢిల్లీలో అడుగుపెట్టారు. అదే నెలాఖరున, నేటి ఘజియాబాద్ వద్ద హిండన్ నది ఒడ్డున సిపాయీలకు, ఆంగ్లేయుల సైన్యానికి నడుమ పోరు జరిగింది. మనం నేడు కూరగాయలు కొనుక్కుంటూ తిరిగే ఈ ప్రాంతం ఆనాడు మొదటి స్వాతంత్ర్య సంగ్రామానికి రాచబాట అయిందన్నమాట.

ఆ సంగ్రామానంతరం కొద్ది సంవత్సరాలకే రైలు వచ్చింది. గాజీ ఉద్దీన్ 1740లో నెలకొల్పిన గాజీఉద్దీన్‌నగర్ అనే పట్టణం, 1864లో రైలు మార్గం ఏర్పడిన సందర్భంలో ఘజియాబాద్‌గా కుదించబడినదని జిల్లా చరిత్ర చెబుతున్నది. ఊరి పేరును సైతం మార్చివేసే శక్తి రైలుకు ఉన్నదని దీనివలన తెలుస్తున్నది. ఈస్ట్ ఇండియన్ రైల్వే వారు యమునపై ఇనుప వంతెన నిర్మాణం 1866లో పూర్తిగావించగా, 1867 జనవరి 1 నుంచి రైళ్లు నేరుగా ఢిల్లీ నగరంలోకి రాసాగాయి. అంతవరకు కలకత్తా నుంచి వచ్చిన ప్రయాణికులు నదికి ఆవలి ఒడ్డునే దిగవలసి వచ్చేది.

ఆ వంతెన ఒక్కొక్కటి 202.5 అడుగుల పొడవు గల 12 కమానులతో నిర్మితమైనది. పైఅంతస్తులో రైలు, కింది అంతస్తులో బండ్లు, పాదచారులు నడిచే ఏర్పాటు. తొలుత ఒకే పట్టా ఉండగా 1913లో రెండవది జతపరచబడింది. స్థానికులు దీనిని ‘లోహే కా పుల్’ అని పిలుచుకుంటారు. వానాకాలంలో యమున పొంగినపుడల్లా నీటిమట్టాన్ని ఈ వంతెన వద్ద కొలిచి ప్రకటించడం ఆనవాయితీ. ఆకాశవాణి వార్తలలో ‘పాత రైలు వంతెన వద్ద’ అన్న మాట మనలో చాలామంది వినే ఉంటారు.

యమునకు తూర్పున షాహ్‌దరా మొదటినుంచీ రైలు ఊరుగా ఎదిగింది. 1907లో షాహ్‌దరా నుంచి సహారన్‌పూర్‌కు రెండున్నర అడుగుల వెడల్పు గల సన్న పట్టాల రైలు మొదలైంది. చెరకు తోటల మధ్యగా, పల్లెపల్లెకూ ఆగుతూ సాగిన ఆ చిన్న రైలు 1970లో నిలిచిపోయింది. తరువాత ఆ దారిలో పెద్ద పట్టాలు వేశారు.

ఆవలి ఒడ్డు

1911 డిసెంబరు 12న దర్బారులో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు ప్రకటన వెలువడింది. 1931లో కొత్త రాజధానికి ప్రారంభోత్సవం జరిగింది. రాజభవనాలు, విశాలమైన రాజమార్గాలు, కచేరీలు, ఉద్యోగుల నివాసాలు అన్నీ నదికి పడమరనే వెలిశాయి. తూర్పు ఒడ్డుకు ‘జమునాపార్’ అన్న పేరు మిగిలింది. యమునకు ఆవల అని దాని అర్థం. నగరవాసుల నోట ఆ మాటలో దూరంతోపాటు కొంత చిన్నచూపు కూడా ధ్వనించేది. అక్కడ నివాసముండేవారు నగరానికి పాలు, కూరలు, పనిచేసే చేతులు అందించేవారే గాని, నగరపు పటంలో వారి ఊరు అంచుననే ఉండిపోయేది.

ఆ అంచును మార్చిన వాటిలో ప్రభుత్వ రంగ సంస్థల పాత్ర కూడా ఉన్నదని చెప్పుకొనడం మనకు గర్వకారణం. సాహిబాబాద్ పారిశ్రామిక ప్రాంతంలో 1974లో భారత్ ఎలక్ట్రానిక్స్ వారి ఘజియాబాద్ విభాగం నెలకొల్పబడి రాడార్ల తయారీలో పేరు గడించింది. అదే సంవత్సరం స్థాపితమైన సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ మన దేశపు తొలి సౌర ఘటాన్ని 1977లో తయారుచేసింది. 1976 నవంబరు 14న ఘజియాబాద్ ప్రత్యేక జిల్లా అయింది. దేశం నలుమూలల నుంచి, మన తెలుగు జిల్లాల నుంచి కూడా, ఇంజనీర్లు, సాంకేతిక నిపుణులు, గుమాస్తాలు ఈ ఒడ్డుకు తరలివచ్చారు.

సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ వారు రైల్వేలకు తయారుచేసి ఇచ్చే పరికరాలలో ‘యాక్సిల్ కౌంటర్’ ఒకటి. పాఠకులలోని విద్యార్థుల కొరకు దాని పనితీరును క్లుప్తంగా వివరిస్తాము. పట్టా పక్కన అమర్చిన తీగచుట్టలలో విద్యుదయస్కాంత క్షేత్రం ఉంటుంది. రైలు చక్రం ఆ చోటును దాటినపుడల్లా ఆ క్షేత్రంలో మార్పు కలుగుతుంది. ఆ మార్పులను లెక్కించి, పట్టాలోని ఒక భాగంలోకి ఎన్ని ఇరుసులు ప్రవేశించాయో, అన్నీ బయటకు వెళ్లాయో లేదో యంత్రం సరిచూస్తుంది. లోనికి వచ్చిన సంఖ్య, బయటకు పోయిన సంఖ్య సమానమైతేనే తరువాతి రైలుకు దారి ఇస్తారు. ఒక్క ఇరుసు తక్కువైనా, పెట్టె ఏదో విడిపోయి పట్టాపై నిలిచి ఉండవచ్చునని భావించి రైలును ఆపివేస్తారు. వచ్చినవారందరూ క్షేమంగా వెళ్లారా అని లెక్క చూసే ఈ పద్ధతి మాకు తరువాత మరొక సందర్భంలో గుర్తుకు వచ్చింది.

టెర్మినల్ అవతరణ

ఘజియాబాద్ వైపు నుంచి వచ్చే రైలుమార్గం సాహిబాబాద్ దాటాక రెండు పాయలుగా చీలుతుంది. ఒకటి షాహ్‌దరా, ఇనుప వంతెనల మీదుగా పాత ఢిల్లీకి, రెండవది తిలక్ బ్రిడ్జి మీదుగా న్యూఢిల్లీకి చేరుతుంది. ఈ రెండవ పాయ మీద ఆనంద్ విహార్ ఉన్నది.

పాత ఢిల్లీ, న్యూఢిల్లీ, నిజాముద్దీన్ స్టేషన్లలో రద్దీ భరింపరానిదైనపుడు తూర్పు దిశగా పోయే రైళ్లకు ప్రత్యేకించి ఒక టెర్మినల్ అవసరమని రైల్వేవారు నిర్ణయించారు. రైలు బయలుదేరే స్టేషన్‌కు, మధ్యలో ఆగే స్టేషన్‌కు చాలా భేదమున్నది. మధ్య స్టేషన్‌లో రైలు కొన్ని నిమిషాలు ఆగి సాగిపోతుంది. టెర్మినల్‌లోనైతే పెట్టెలను కడగాలి, నీళ్లు నింపాలి, పిట్ లైనులో కిందినుంచి చక్రాలను, బ్రేకులను పరీక్షించాలి, తిరుగు ప్రయాణం దాకా నిలిపి ఉంచాలి. ఇందుకు కావలసిన విశాలమైన స్థలం నగర నడిబొడ్డున దుర్లభం. ఆ స్థలం జమునాపార్‌లో దొరికింది. నగరానికి అంచుగా ఉండడమే ఈ ప్రాంతానికి యోగ్యత అయింది.

2009 డిసెంబరు 19న ఆనంద్ విహార్ టెర్మినల్ ప్రారంభమైంది. ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాలకు, బీహారుకు, ఆపై తూర్పు రాష్ట్రాలకు వెళ్లే రైళ్లు క్రమంగా ఇక్కడికి మారాయి. ముజఫర్‌పూర్‌కు సప్తక్రాంతి, భాగల్‌పూర్‌కు విక్రమశిల ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడినుంచే బయలుదేరుతాయి. దీపావళి గడిచిన ఆరవ నాడు వచ్చే ఛఠ్ పండుగకు ముందు ఈ స్టేషన్‌ను చూడవలసినదే. మనకు సంక్రాంతి ఎట్టిదో వారికి ఛఠ్ అట్టిది. నెత్తిన మూటలు, చేతిలో ప్లాస్టిక్ బకెట్లు, భుజాన పిల్లలతో ఇసుక వేస్తే రాలనంత జనం. ప్లాట్‌ఫారం మీద వరుసగా కూర్చున్న ఆ జనాన్ని చూస్తే, సంక్రాంతి ముందు సికింద్రాబాద్ స్టేషన్‌లో బెర్తు దొరకక తలుపు దగ్గర నిలబడి ప్రయాణించిన మన రోజులు జ్ఞప్తికి రాకమానవు.

కాకినాడ విద్యార్థి మెట్రో

టెర్మినల్ వచ్చిన మూడు వారాలలోపే, 2010 జనవరి 6న, యమునా బ్యాంక్ నుంచి ఆనంద్ విహార్‌కు మెట్రో వచ్చింది. ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్ 1995లో కేంద్ర, ఢిల్లీ ప్రభుత్వాల సమాన భాగస్వామ్యంతో ఏర్పడిన సంస్థ. దానికి సారథ్యం వహించిన ఇ. శ్రీధరన్ గారు కేరళీయులైనప్పటికీ, ఇంజనీరింగ్ విద్య అభ్యసించినది మన కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలోనే. 1964 తుపానులో దెబ్బతిన్న పాంబన్ వంతెనను 46 రోజులలో పునరుద్ధరించిన ఇంజనీరుగా అప్పటికే ఆయన ప్రసిద్ధులు.

గమనింపదగిన విశేషమేమంటే, ఢిల్లీ మెట్రో తొలి మార్గం కూడా ఈ ఒడ్డునుంచే మొదలైంది. 2002 డిసెంబరు 24న షాహ్‌దరా నుంచి తీస్ హజారీ వరకు అది ప్రారంభం కాగా, మరునాడు చూడవచ్చిన జనసందోహానికి అధికారులు ఉక్కిరిబిక్కిరి అయి, వినోదయాత్రలను కొన్నాళ్లు వాయిదా వేసుకొనవలసిందిగా ప్రజలను అభ్యర్థించవలసి వచ్చింది. ఢిల్లీ మెట్రో పెట్టెలలో చాలావాటిని బెంగుళూరులోని ప్రభుత్వ రంగ సంస్థ బి.ఇ.ఎం.ఎల్. సరఫరా చేసింది.

2011 జూలై 14న ఆనంద్ విహార్ నుంచి వైశాలికి 2.57 కిలోమీటర్ల పొడిగింపు పూర్తయింది. కొత్తగా చేరినవి రెండే స్టేషన్లు, కౌశాంబి, వైశాలి. రెండూ బుద్ధుని కాలపు మహానగరాల పేర్లే. కౌశాంబి వత్సరాజ్యానికి రాజధాని. వైశాలి లిచ్ఛవుల గణరాజ్యానికి కేంద్రం. కాలనీలకు పేర్లు పెట్టిన అధికారి ఎవరో చరిత్ర చదువుకున్న మనిషి అయి ఉంటారని మేము అనుకుంటూ ఉంటాము.

ఆ పొడిగింపు మా కుటుంబాలలో తెచ్చిన మార్పు చిన్నది కాదు. అంతకు మునుపు నగరంలోని కార్యాలయాలకు వెళ్లేవారు చార్టర్డ్ బస్సు తప్పిపోతే సగం రోజు సెలవు పెట్టవలసి వచ్చేది. సాయంకాలం ఆలస్యమైతే ఇంటి ఇల్లాలు వరండాలో నిలబడి దారి చూసేది. 2010 అక్టోబరు నుంచి మెట్రోలో మొదటి పెట్టెను స్త్రీలకు కేటాయించారు. కళాశాలలకు, ఉద్యోగాలకు ఒంటరిగా వెళ్లివచ్చే ధైర్యం మా ఆడపిల్లలకు దానివలన కలిగిందంటే అతిశయోక్తి కాదు. 2018 అక్టోబరు 31న పింక్ లైను కూడా ఆనంద్ విహార్‌ను తాకింది.

2020 మార్చి

ఇక మా కావలివాని సంగతి. అతని స్వస్థలం బీహారు. ఏ జిల్లా అని ఎన్నడూ అడగలేదు. అతడు ఒకనాడు మాటల సందర్భంలో ‘మాది వైశాలి, సాబ్’ అనగా, ఇక్కడి వైశాలే కాబోలునని నవ్వుకున్నాము. ‘ఇది పేరుకు వైశాలి, సాబ్. అసలు వైశాలి మాది’ అన్నాడు. హాజీపూర్ కేంద్రంగా గల వైశాలి జిల్లాలో, ఆ ప్రాచీన నగర శిథిలాలకు సమీపంలోనే అతని పల్లె. సప్తక్రాంతిలో ముజఫర్‌పూర్ వెళ్లి అక్కడినుంచి బస్సు ఎక్కుతాడట. వైశాలిలో మెట్రో దిగే మనిషి, వైశాలికి వెళ్లడానికి ఆనంద్ విహార్‌లో రైలు ఎక్కుతున్నాడు.

2020 మార్చి 22న రైళ్లు, మెట్రో ఆగిపోయాయి. 24 అర్ధరాత్రి నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. పనులు పోయినవారు ఊళ్లకు నడక సాగించారు. మార్చి 28న, బస్సులు ఏర్పాటు చేస్తున్నారన్న వార్త విని వేలాది మంది ఆనంద్ విహార్ బస్ స్టాండుకు, ఎదుటి కౌశాంబి రోడ్డుకు చేరారు. ఆ చిత్రాలను ప్రపంచమంతా చూసింది. మేము మేడమీది వరండాలలో నిలబడి చూశాము. మా కావలివాడు కూడా ఆ గుంపులో ఉన్నాడని మరునాడు, గేటు వద్ద ఖాళీ కుర్చీని చూసి గ్రహించాము.

అతణ్ణి ఎవరూ పొమ్మనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు. మా వంటిళ్లలో బియ్యం ఉన్నది, పప్పు ఉన్నది. ఒక మనిషికి రెండు పూటల భోజనం భారమయ్యేది కాదు. జీతం ఒకటవ తేదీన ఇవ్వడం అలవాటు కనుక ఆ నెల డబ్బు కూడా అతని చేతికి అందలేదు. వచ్చినవారందరూ క్షేమంగా వెళ్లారా అని పట్టాపై ఇరుసులను లెక్కించే పరికరం మన పొరుగునే తయారవుతున్నది. మనుషుల విషయంలో ఆ లెక్క మేము చూడలేదు.

నాలుగవ నాడు అతడే ఫోను చేశాడు. బస్సులో కొంత, లారీలో కొంత, నడిచి కొంత దూరం వెళ్లి ఇల్లు చేరానని చెప్పి, ‘పంపు మోటారు స్విచ్ రాత్రి కట్టేయడం మరవకండి, సాబ్’ అన్నాడు. ఆ మాటకు మాలో ఎవరికీ సమాధానం తోచలేదు. ఆ పూటే జీతం డబ్బు పంపాము.

ఆ తరువాత మే 1వ తేదీన వలస కార్మికులకై తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు బయలుదేరింది. అది మన హైదరాబాద్ శివారులోని లింగంపల్లి నుంచి, సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. 2003 ఆగస్టు నుంచి ఎం.ఎం.టి.ఎస్. బండ్లతో ఉద్యోగులను చేరవేస్తున్న లింగంపల్లి ఆ విధంగా దేశచరిత్రలో చోటు సంపాదించుకున్నది. జూన్‌లో ఆనంద్ విహార్ రైళ్లను పాత ఢిల్లీకి మళ్లించి, ఇక్కడి ప్లాట్‌ఫారాలపై రోగుల కొరకు ఐసొలేషన్ పెట్టెలను నిలిపారు. పండుగ జనంతో కిటకిటలాడే స్టేషన్ కొన్నాళ్లు ఆసుపత్రి ప్రాంగణమైంది. సెప్టెంబరు 9న మా బ్లూ లైను తిరిగి నడిచింది. చలికాలం ప్రవేశించాక, ఛఠ్ పండుగ ముగించుకొని, మా కావలివాడు కూడా తిరిగి వచ్చాడు. సంచిలోనుంచి ఠేకువాల పొట్లం తీసి ఇంటింటికీ పంచాడు.

మీరట్ దారి మళ్లీ తెరుచుకున్నది

2025 జనవరి 5న నమో భారత్ రైలు సాహిబాబాద్ నుంచి ఆనంద్ విహార్ మీదుగా న్యూ అశోక్ నగర్ వరకు వచ్చింది. కేంద్రంతోపాటు నాలుగు రాష్ట్ర ప్రభుత్వాలు భాగస్వాములుగా గల ఎన్.సి.ఆర్.టి.సి. నిర్మించిన ఢిల్లీ-మీరట్ మార్గం మొత్తం పొడవు 82 కిలోమీటర్లు. ఇందులోని మొదటి 17 కిలోమీటర్లు, సాహిబాబాద్-దుహాయ్ డిపో భాగం, 2023 అక్టోబరు 20న ప్రారంభమైంది. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో నడిచే ఈ రైళ్ల రూపకల్పన హైదరాబాద్‌లోను, తయారీ గుజరాత్‌లోని సావ్లీలోను జరిగినది. ఆనంద్ విహార్‌లో ఈ రైలు స్టేషన్ భూగర్భంలో ఉన్నది. 1857లో సిపాయీలు రాత్రంతా గుర్రాలమీద, కాలినడకన వచ్చిన మీరట్ దారికి సమాంతరంగా, నేడు ఉద్యోగులు పత్రిక చదువుకుంటూ ప్రయాణిస్తున్నారు.

పడవల వంతెన దగ్గర మొదలైన కథ ఇలా నేలకింది స్టేషన్ వరకు వచ్చింది. ‘ఆవలి ఒడ్డు’ అనిపించుకున్న చోటు నేడు రాజధానికి తూర్పు ద్వారమైంది. ఈ ద్వారం గుండా కార్యాలయాలకు పోయే మనము, ఊళ్లకు పోయే వారు ఒకరినొకరు రాసుకుంటూ నడుస్తాము. మనమూ ఒకనాడు ట్రంకుపెట్టెతో ఈ నగరంలో దిగినవారమే కదా!

మా భవన సముదాయంలో ఇప్పుడు ఒక కొత్త నియమం ఉన్నది. ఛఠ్‌కు ముందు కావలివానికి పది రోజుల సెలవు, ఆ నెల జీతం ముందుగానే ఇస్తారు. రాత్రి కాపలాను మగవారందరూ వంతులవారీగా చూసుకుంటారు. వెళ్లేనాడు మాలో ఒకరు అతనితో మెట్రోలో ఆనంద్ విహార్ వరకు వెళ్లి రైలు ఎక్కించి వస్తారు. మూటలు మోయడానికి తోడు అవసరమని కాదు. ఇంటికి చేరగానే ఫోను చేయమని ప్లాట్‌ఫారం మీద నిలబడి చెప్పే మనిషి ఒకరుండాలని. గత సంవత్సరం కూడా అతడు ఇల్లు చేరిన మధ్యాహ్నమే ఫోను చేశాడు. పంపు మోటారు సంగతి మళ్లీ గుర్తు చేశాడు.